తడి చెత్తకు ఏ దారి మంచిది? కుండ, బకెట్, వానపాములు, బొకాషి, గుంతల్లో మీ ఇంటికి సరిపోయేది

ఫిబ్రవరి చివర్లో మా కాలనీలో కానుగ చెట్లు ఆకు రాలుస్తాయి. ఊడ్చేవాళ్ళు ఆ ఆకును రోడ్డు పక్కన కుప్పలు పెడతారు. ఆ రెండు మూడు వారాలు నేను రోజూ పొద్దున్నే ఖాళీ బియ్యం బస్తా పట్టుకుని బయల్దేరతాను. పది పన్నెండు బస్తాల్లో ఆకును కాలితో తొక్కి నింపి, వాన తగలని చోట పెట్టుకుంటే వానాకాలం దాటేదాకా నాకు టెన్షన్ ఉండదు.

ఇంట్లో కంపోస్టు మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ డబ్బా కొనాలి?" అని. నేను వాళ్ళని తిరిగి అడిగేది "మీకు ఎండుటాకులు ఎక్కడ దొరుకుతాయి?" అని. ఈ ప్రశ్నకు జవాబు ఉంటే ఏ డబ్బా అయినా దాదాపు పనిచేస్తుంది. జవాబు లేకపోతే ఎంత ఖరీదైన డబ్బా అయినా నెల తిరిగేసరికి కంపు కొడుతుంది.

కారణం ఇదీ. కూరగాయల తొక్కల్లో ఎక్కువ భాగం నీరే. దాంతోపాటు నత్రజని. చెత్తను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి పాతిక ముప్ఫై పాళ్ళు కార్బన్ కావాలి. వంటింటి చెత్తలో అంత కార్బన్ ఉండదు, ఎండుటాకుల్లో ఉంటుంది. పైగా ఎండుటాకు అదనపు నీటిని పీల్చుకుని, ముక్కల మధ్య గాలికి చోటు ఇస్తుంది. గాలి ఆడితే మట్టి వాసన, ఆడకపోతే మురుగు వాసన. ఇక్కడ నేను అంటున్నది మున్సిపాలిటీ వాళ్ళు చెప్పే 'పొడి చెత్త' కాదు. ప్లాస్టిక్, సీసాలు దానిలోకి వస్తాయి. మనకు కావాల్సింది ఎండుటాకు, కొబ్బరి పీచు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), రంపపు పొట్టు, చింపిన కోడిగుడ్ల అట్టలు. చెట్లు లేని వీధిలో ఉంటే టెంకాయలు అమ్మే చోట పీచు అడగండి, లేదంటే నర్సరీలో కోకోపీట్ ఇటుక కొనండి. రంపపు పొట్టు మాత్రం ప్లైవుడ్‌ది కాకుండా మామూలు కలపది తెచ్చుకోండి. ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది.

ముందు మీ ఇంటిని చూసుకోండి

ప్రకృతి నడిచే తీరును చూసి ఇల్లు, తోట, పొలం అమర్చుకునే పద్ధతిని పర్మాకల్చర్ అంటారు. ఆ మాటను 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మొల్లిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ వాడుకలోకి తెచ్చారు. మనకు ఇది మరీ కొత్త సంగతేమీ కాదు. మొల్లిసన్ 1987లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌కు వచ్చి శిక్షణ ఇచ్చారు. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాద్‌లోనూ, తర్వాత జహీరాబాద్ పక్కన బిడకన్నెలోనూ జరిగింది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన ఆలోచన 'జోన్లు'. ఇల్లు సున్నా జోన్. రోజూ వెళ్ళాల్సిన పని, రోజూ కోసుకునే ఆకుకూర ఇంటికి దగ్గరగా ఒకటో జోన్‌లో ఉండాలి. అప్పుడప్పుడు వెళ్తే సరిపోయేవి దూరంగా ఉండొచ్చు.

నేను మొదట చేసిన తప్పు ఇక్కడే. మొక్కలన్నీ మేడ మీద ఉన్నాయి కదా అని కంపోస్టు డ్రమ్మును కూడా అక్కడే పెట్టాను. మాది రెండో అంతస్తు, డ్రమ్ము ఐదో అంతస్తు పైన. వారం రోజులు ఉత్సాహంగా ఎక్కాను. తర్వాత రెండు రోజులకోసారి, ఆ తర్వాత చెత్త బండి వచ్చినప్పుడు దానిలోకే. డ్రమ్మును వంటింటి వెనక బాల్కనీలోకి, గిన్నెలు తోముకునే చోటి పక్కకు మార్చిన రోజు నుంచి ఒక్క పూట కూడా మానలేదు. తయారైన కంపోస్టును నెలకోసారి పైకి మోయడం కష్టం కాదు, రోజూ తొక్కలు మోయడమే కష్టం. కాబట్టి వంటింటి నుంచి పది అడుగుల లోపు మీకు ఎలాంటి చోటు ఉందో చూసుకుని, దానికి తగిన పద్ధతి ఎంచుకోండి.

ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, మీ కంచంలో ఏం మిగులుతుంది? తొక్కలు, కాడలు, టీ పొడి, పూజ పువ్వులే అయితే ఒక దారి. సాంబారు కలిపిన అన్నం, చికెన్ ఎముకలు, చేపల తలలు కూడా ఉంటే ఇంకో దారి. రెండు, తయారైనది ఎక్కడికి పోతుంది? పదిహేను కుండీలు ఉన్న ఇంటికీ, ఒక్క తులసి కోట ఉన్న ఇంటికీ ఒకే సలహా పనికిరాదు.

చిల్లుల బకెట్, డ్రమ్ము

మొదటిసారి చేసేవాళ్ళకు, అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు నా మొదటి ఓటు దీనికే. ఖాళీ పెయింట్ బకెట్ 20 లీటర్లది ఏ పాత సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది. పెన్సిలంత చిల్లులు చుట్టూ నాలుగు వేళ్ళ ఎడంలో, అడుగున ఏడెనిమిది పెట్టించండి. కింద రెండు ఇటుకలు, వాటి మధ్య ఒక పళ్ళెం. ఎలుకలు తిరిగే చోటైతే లోపల సన్నని ఇనుప జాలీ అంటించాలి.

అడుగున బెత్తెడు మందాన కొబ్బరి పీచు పరిచి, ఆ రోజు తొక్కలను చిన్న ముక్కలుగా కోసి వేసి, వాటికి సమానంగా, అంటే ఒక గిన్నె తొక్కలకు ఒక గిన్నె నిండా నలిపిన ఎండుటాకు పైన కప్పాలి. పులిసిన మజ్జిగ కొంచెం, లేదా పాత కంపోస్టు గుప్పెడు, లేదా పిడికెడు పేడ వేస్తే త్వరగా మొదలవుతుంది. బజారులో అమ్మే పొడులు తప్పనిసరి కాదు. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో అడుగు దాకా కలపాలి.

నలుగురున్న మా ఇంట్లో రోజుకు దాదాపు కిలో తడి చెత్త వస్తుంది. ఒక 20 లీటర్ల బకెట్ పది పన్నెండు రోజుల్లో నిండిపోతుంది, అది పండడానికి మరో నెలన్నర పడుతుంది. లెక్క వేస్తే ఇలాంటి బకెట్లు నాలుగైదు కావాలి. ఒక్క బకెట్‌తో మొదలుపెట్టి "నిండిపోయింది, ఇప్పుడేం చేయాలి?" అని మానేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇద్దరే ఉంటే మూడు బకెట్లు చాలు. నలుగురికి 60 లీటర్ల డ్రమ్ములు రెండు ఇంకా హాయి. ఒకటి నింపుతుంటే ఇంకోటి పండుతుంది.

చేత్తో చూసుకునే పరీక్ష ఒకటుంది. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు కనిపించాలి. నీళ్ళు కారితే ఆకు తక్కువైంది. పొడిపొడిగా రాలితే, చీమలు పట్టితే, బియ్యం కడిగిన నీళ్ళు చల్లండి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి లేదని అర్థం. ముక్కు మండించే అమ్మోనియా ఘాటు వస్తే నత్రజని ఎక్కువైందని అర్థం. రెండింటికీ మందు ఒకటే: ఎండుటాకు దండిగా వేసి కలపడం.

తొలకరి తర్వాత డబ్బాలో తెల్లగా, గోధుమ రంగుగా, వేలి గోరంత పొడవున్న పురుగులు గుంపుగా కనిపిస్తాయి. చాలామంది అప్పుడే భయపడి మొత్తం పారేస్తారు. దయచేసి పారేయకండి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. ఈ ఈగ కుట్టదు, ఇంటి ఈగలా అన్నం మీద వాలే అలవాటూ దానికి లేదు. దాని పిల్లలు చెత్తను సూక్ష్మజీవుల కన్నా వేగంగా తింటాయి. చూడలేకపోతే ఎండుటాకు మందంగా కప్పి, చెమ్మ తగ్గించండి, వాటంతట అవే తగ్గిపోతాయి.

మట్టి కుండల దొంతర

ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు మట్టి కుండలు. 2006లో బెంగళూరులో మొదలైన డైలీ డంప్ సంస్థ వీటిని కంబ అనే పేరుతో ఇళ్ళకు తెచ్చింది. ఇప్పుడు మన దగ్గరా చాలా చోట్ల దొరుకుతున్నాయి. పై కుండ నిండితే మధ్యకు మార్చి, ఖాళీ కుండను పైకి తెస్తారు. అడుగు కుండలో ఎరువు పండుతుంది. పని పద్ధతి బకెట్‌లాంటిదే. తేడా ఏమిటంటే మట్టి గోడ ఊపిరి పీలుస్తుంది, అదనపు చెమ్మను బయటికి వదిలేస్తుంది. ఆకు కాస్త తక్కువ వేసినా కుండ క్షమిస్తుంది, ప్లాస్టిక్ క్షమించదు.

ఎంపికలో ఊరి వాతావరణం లెక్కకు వచ్చేది ఇక్కడే. హైదరాబాద్, అనంతపురం, కర్నూలు లాంటి పొడి వేడి ఊళ్ళలో ఏప్రిల్, మే నెలల్లో కుండ లోపలి సరుకు రెండు రోజుల్లో వరుగులా ఎండిపోతుంది. రోజూ నీళ్ళు చల్లాలి, నీడలో పెట్టాలి. అలాంటి చోట ఎండాకాలానికి ప్లాస్టిక్ డ్రమ్మే సుఖం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ఊళ్ళలో కుండది పైచేయి, ఎందుకంటే అక్కడ కష్టం ఎండిపోవడం కాదు, తడి వదలకపోవడం. అద్దె ఇల్లు తరచూ మారేవాళ్ళు మాత్రం కుండలు కొనకండి. బరువు, పైగా సామాన్ల బండిలో పగలకుండా చేరవు. సొంత ఇంట్లో, ముందు బాల్కనీలో, నలుగురికీ కనిపించే చోట పెట్టాల్సి వస్తే కుండే అందం.

వానపాములు

వర్మీకంపోస్టు మీద అందరికీ మోజు ఉంటుంది. ఎరువు నాణ్యతలో అది నిజంగానే మేలైనది, మెత్తగా టీ పొడిలా ఉంటుంది, నారు మొక్కలకు దానికి సాటి లేదు. కానీ అది డబ్బా కాదు, పెంపకం. కోళ్ళను పెంచినట్టే వాటి తిండి, నీడ, చల్లదనం చూసుకోవాలి.

నేను ఒక ఏప్రిల్‌లో అర కిలో వానపాములు తెచ్చి మేడ మీద రేకుల నీడలో టబ్బులో వేశాను. మే రెండో వారానికి ఒక్కటీ మిగల్లేదు. వాటికి 15 నుంచి 30 డిగ్రీల మధ్య హాయి, 35 దాటితే ప్రాణాల మీదికి వస్తుంది. హైదరాబాద్ మేడ మీద రేకు కింద మే నెల మధ్యాహ్నం ఎంత ఉంటుందో మనకు తెలుసు. ఆ టబ్బు కడుగుతున్నప్పుడు పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. అందుకే చెబుతున్నాను, మొదలుపెడితే జులై, ఆగస్టుల్లో మొదలుపెట్టండి. కింది అంతస్తు, చెట్టు నీడ, తడి గోనెపట్టా తప్పనిసరి.

తోటలో తవ్వితే దొరికే ఎర్రలు ఈ పనికి రావు, అవి మట్టి తినేవి. చెత్త తినే జాతులు వేరు, ఐసీనియా ఫెటిడా, యుడ్రిలస్ యూజీనియే అనేవి మన దగ్గర ఎక్కువగా అమ్ముతారు. చెత్తను నేరుగా వేయకూడదు, పది పదిహేను రోజులు పేడతో కలిపి వేడి తగ్గేదాకా పక్కన పెట్టి తర్వాత వేయాలి. నిమ్మ తొక్కలు, ఉల్లిపాయ, ఉప్పు, కారం, చింతపండు పిప్పి వాటికి పడవు. మన వంటింట్లో వీటిని తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించుకోండి! పేడ దొరికే చోటు దగ్గర్లో ఉండి, పెరట్లో నీడ ఉండి, ఓపిక ఉన్నవాళ్ళకే ఇది. బాల్కనీ ఫ్లాటులో మొదటి ప్రయత్నంగా వద్దు.

బొకాషి అంటే ఊరబెట్టడం

ఇది మనవాళ్ళకు చెప్పడం తేలిక, ఎందుకంటే పచ్చడి పెట్టడం అందరికీ తెలుసు. గాలి చొరబడని డబ్బాలో చెత్త వేసి, పైన బొకాషి తవుడు చల్లి, అదిమి, మూత బిగిస్తారు. జపాన్‌లో ఒకినావాకు చెందిన ఆచార్యుడు తెరువో హిగా 1980లలో రూపొందించిన సూక్ష్మజీవుల మిశ్రమాన్ని తవుడు, బెల్లంతో కలిపి ఈ బొకాషి తవుడు తయారు చేస్తారు. చెత్త ఇక్కడ కుళ్ళదు, పులుస్తుంది. నిండిన డబ్బాను రెండు వారాలు కదల్చకూడదు. అడుగున కుళాయి ఉంటే రెండు మూడు రోజులకోసారి ద్రవం తీసి, నూరు పాళ్ళ నీళ్ళలో కలిపి మొక్కల మొదళ్ళకు పోయొచ్చు. తిన్నగా పోస్తే వేళ్ళు మాడతాయి.

దీని గొప్ప సుగుణం, మిగిలిన అన్నం, కూర, చికెన్, చేప, చిన్న ఎముకలు అన్నీ తీసుకుంటుంది. ఎండుటాకు అక్కర్లేదు. చిన్న వంటిల్లు, సింకు కింద చోటు మాత్రమే ఉన్నవాళ్ళకు వరం.

కానీ అమ్మేవాళ్ళు మొదట్లో చెప్పని మాట ఒకటుంది. రెండు వారాల తర్వాత డబ్బాలోంచి వచ్చేది ఎరువు కాదు. చూడ్డానికి వేసిన ముక్కలు వేసినట్టే ఉంటాయి, పుల్లటి వాసన వస్తుంది. దాన్ని మట్టిలో పాతి మరో రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి, ఆ లోపు అక్కడ మొక్క నాటకూడదు. మట్టి లేని ఇంట్లో బొకాషి సగం దారిలో ఆగిపోతుంది. పెద్ద గ్రో బ్యాగు ఒకటి ఖాళీగా పెట్టుకుని, సగం మట్టి, మధ్యలో ఊరిన చెత్త, మళ్ళీ మట్టి వేసే వీలుంటే ధైర్యంగా మొదలుపెట్టండి.

నా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. తొక్కలన్నీ డ్రమ్ముకు, కంచంలో మిగిలినవి చిన్న బొకాషి డబ్బాకు. మాంసాహారం తినే ఇళ్ళకు నేను గట్టిగా చెప్పే జోడీ ఇదే.

పెరడు ఉంటే గుంత

నాలుగు గజాల నేల ఉన్నా మీరు అదృష్టవంతులు, డబ్బాల జోలికి వెళ్ళకండి. మన ఊళ్ళలో పెంటకుప్ప ఉండేది, దాన్ని కాస్త శుభ్రంగా చేసుకుంటే చాలు. మోకాలి లోతు గుంత తీసి, రోజూ తొక్కలు వేసి, పైన ఆకు, మట్టి కప్పుతూ వెళ్ళడమే. చేపలు, మాంసం వేస్తే కుక్కలు తవ్వకుండా వాటి మీద ఒక అడుగుకు మించిన మందాన మట్టి ఉండాలి.

ఇంకాస్త చోటుంటే పర్మాకల్చర్ వాళ్ళు ఇష్టపడే అరటి వలయం పెట్టండి. ఆరడుగుల వెడల్పు, రెండు మూడు అడుగుల లోతు గుండ్రటి గొయ్యి తీసి, తవ్విన మట్టిని చుట్టూ గట్టులా పోసి, గట్టు మీద నాలుగైదు అరటి పిలకలు, వాటి మధ్య మధ్యలో బొప్పాయి, చామ నాటుతారు. గొయ్యిలో కొమ్మలు, కొబ్బరి మట్టలు, అరటి బోదెలు, వంటింటి చెత్త. సబ్బు ఎక్కువ లేని గిన్నెల నీళ్ళు కూడా అందులోకే. కలపడం, మోయడం, జల్లించడం ఏదీ లేదు. అరటి తనకు కావాల్సింది తనే తీసుకుంటుంది. కోస్తాలో నీటిమట్టం పైకి ఉండే చోట మాత్రం లోతు తగ్గించి గట్టు ఎత్తు పెంచండి, లేకపోతే వానల్లో గొయ్యి మురుగు గుంటవుతుంది, దోమలూ చేరతాయి.

కరెంటు మిషన్

దీని గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వంటింట్లో పెట్టుకునే చిన్న మిషన్లలో చాలావరకు చెత్తను వేడి చేసి, ఎండబెట్టి, పొడి చేస్తాయి. కొన్ని గంటల్లో పని అవుతుంది, వాసన ఉండదు, పరిమాణం బాగా తగ్గుతుంది. కానీ ఆ పొడి పండిన ఎరువు కాదు, తడి తగలగానే బూజు పడుతుంది. మట్టిలో కలిపి కొన్ని వారాలు ఉంచాకే మొక్కకు వేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రమే ఉండి, కలపడం, మోయడం చేతకానప్పుడు తప్ప నేను దీన్ని సూచించను.

అపార్ట్‌మెంట్ అంతా కలిసి చేస్తే

పది ఇళ్ళు ఒప్పుకుంటే ఒక్కొక్కరి బాల్కనీ కన్నా ఇదే మేలు. కుప్ప ఒక ఘనపు మీటరు దగ్గరికి వస్తే లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది, కలుపు విత్తనాలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి. ఇంటి బకెట్‌లో ఆ వేడి ఎప్పటికీ రాదు. చిల్లుల ఇటుక గోడతో రెండు తొట్లు, పైన రేకు, పక్కన ఎండుటాకులకు జాలీ గది చాలు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని అప్పట్లోనే చెప్పాయి. కాబట్టి అసోసియేషన్ మీటింగులో అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టుకోండి: వాచ్‌మన్ మీదో, ఊడ్చే అమ్మ మీదో ఊరికే వేసేసే పని కాదిది, దీనికి వాళ్ళకు విడిగా డబ్బు ఇవ్వాలి. అలా ఇవ్వని చోట తొట్లు ఆరు నెలల్లో పాత సామాన్ల గదులవడం చూశాను.

మేడ బరువు

మేడ మీద పెద్ద తొట్లు కట్టాలనుకునేవాళ్ళు ఒక లెక్క చూసుకోండి. జనం ఎక్కే మేడను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు డిజైన్ చేస్తారు. తడిసిన మట్టి ఒక ఘనపు అడుగు 45 నుంచి 50 కిలోలు. అంటే అడుగు లోతు మట్టి పరిస్తే చదరపు మీటరుకు దాదాపు అర టన్ను. అందుకే తొట్లు బీముల మీదుగా, గోడల అంచుల్లో ఉండాలి, మట్టి వాటా తగ్గించాలి. ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు కంపోస్టు, ఒక పాలు కోకోపీట్ నా కుండీల కొలత.

ఎరువు పండిందా లేదా

నల్లగా, తొలి వాన పడ్డ నేల వాసనతో, వేసిన ముక్కలు గుర్తుపట్టలేనట్టుగా ఉండాలి. అనుమానం ఉంటే గుప్పెడు తడి ఎరువును ప్లాస్టిక్ కవర్లో కట్టి మూడు రోజులు ఉంచి విప్పండి. దుర్వాసన వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి. పచ్చి ఎరువు వేస్తే అది మట్టిలోని నత్రజనిని తనే లాక్కుంటుంది, ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, కరివేపాకు రెమ్మలు జల్లెడలో మిగిలిపోతాయి. రెమ్మలను మళ్ళీ డబ్బాలో వేయండి, టెంకలను, చిప్పలను కుండీల అడుగున వాడుకోండి.

ఇంటి బకెట్లు వేడెక్కవు కాబట్టి టమాటా, గుమ్మడి, బొప్పాయి విత్తనాలు చావకుండా ఎరువుతో పాటు కుండీల్లోకి వచ్చి వాటంతట అవే మొలుస్తాయి. కొత్తలో నేను వాటిని కలుపు అనుకుని పీకేసేదాన్ని. ఇప్పుడు నాలుగాకులు వచ్చేదాకా ఆగి, బలంగా ఉన్న టమాటా నారును తీసి వేరే కుండీలో పెడుతున్నాను. ఈ ఏడాది మా ఇంటి రసానికి టమాటాలు వాటి నుంచే వస్తున్నాయి.